బూతుమాటకి సున్నం

మొగలిలంకలో తెలివి ఎవరింట్లో పుట్టిందని అడిగితే పోలుకొండ వారింట్లో పుట్టిందని చెబుతారు. చెప్పేది కూడా పోలుకొండ వారే. ఊళ్ళో మిగతావాళ్ళు ఆ మాట వచ్చినప్పుడు దగ్గు వచ్చినట్టు అటు తిరిగిపోతారు.

ఇంటి పెద్ద భద్రయ్య. ఆయనకి రెండు గొడుగులున్నాయి. ఒకటి తను తడవకుండా, రెండోది మొదటి గొడుగు తడవకుండా. భార్య వరహాలమ్మ పాలు పొంగిపోతాయని భయపడి, పాలగిన్నెని పొయ్యి వెలిగించకముందే దించేస్తుంది. కొడుకు గవర్రాజు చెప్పుల కొట్టుకి వెళ్ళి ఎడమకాలి చెప్పొక్కటే ఇమ్మని పొద్దంతా పేచీ పెట్టాడు. తెగింది ఎడమదేగా, కుడిదానికి డబ్బులెందుకివ్వాలి అని ఆయనగారి లెక్క. కోడలు దుర్గ మాత్రం పైఊరి పిల్ల, కాస్త లోకం తెలిసిన మనిషి. ఆవిడ పురిటికి పుట్టింటికెళ్ళింది. దాంతో ఇంట్లో ఉన్న ఆ కాస్తా వెళ్ళిపోయి, కల్తీలేని పోలుకొండ వారి తెలివే మిగిలింది.

దుర్గ కూతురు లాస్య మూడో తరగతి. బుద్ధిలో తల్లి పోలికో, తాత పోలికో ఇంకా తేలలేదు.

ఆమధ్య ఊరందరూ కలిసి ఫోన్లలో ఓ గ్రూపు పెట్టుకున్నారు. కరెంటు ఎప్పుడు పోతుందో, చేపల బండి ఎప్పుడొస్తుందో, ఎవరి దూడ తప్పిపోయిందో అన్నీ అందులోనే. అడ్మిన్‌గా ఎవరుండాలన్న మాట వచ్చింది. "భద్రయ్యని పెట్టండయ్యా. చదువు రాదు గనక ఎవరేం రాసినా ఆయనకి కోపం రాదు" అన్నారు సర్పంచి గారు నవ్వుతూ. భద్రయ్య ఆ మాటని పూలదండలాగా మెళ్ళో వేసుకున్నాడు. రాయడం రాదు గాబట్టి ఏం చెప్పాలన్నా ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మైకు బొమ్మ నొక్కి గట్టిగా చెప్పేవాడు. ఎంత గట్టిగానంటే, అవతలివాళ్ళకి ఫోను లేకపోయినా వినపడేది.

ఆ గ్రూపులోనే కరుణ టీచర్ రోజూ సాయంత్రం పిల్లల కోసం ఓ బుల్లి కథ పెట్టేది. నక్క, కొంగ, ఎలకపిల్ల, అలాంటివి. పిల్లలు అమ్మానాన్నల ఫోన్లలో చదువుకునేవారు. అంతకుముందు లాస్యకి అక్షరానికి కొమ్ము తగిలితే చాలు, గొంతులో చేపముల్లు పడ్డట్టు ఆగిపోయేది. ఈ కథలు మొదలయ్యాక కూడబలుక్కుంటూ కూడబలుక్కుంటూ వాక్యాల మీద నడవడం నేర్చింది. చదువు మొదలెడితే కథొక్కటే కాదు, గ్రూపులో ఆరోజు ఎవరేం రాసినా మొదట్నుంచి చివరిదాకా తాతకి చదివి వినిపించేది.

భద్రయ్య అరుగు మీద గోడకి జారబడి, కళ్ళు మూసుకుని వినేవాడు. తన పెళ్ళి శుభలేఖ కూడా పక్కింటాయన చదివితే విన్న మనిషి. ఇప్పుడు సొంత మనవరాలి నోట ఊరు ఊరంతా వినపడుతుంటే ఆయన గుండె నిండిపోయేది. పైకి చెప్పలేదు గానీ, అడ్మిన్ పదవి పోయినా పర్వాలేదు, ఆ అరగంట పోతే బతకలేననిపించేది ఆయనకి.

ఇక దొరబాబు సంగతి. దొరబాబు ఆటో నడుపుతాడు. మనసు వెన్న. ముసలమ్మల్ని ఊరికే ఎక్కించుకుంటాడు, పిల్లలకి తాటిముంజెలు తెస్తాడు. కానీ బూతు లేకుండా అతనికి మాట మొదలవదు. కోపంతో కాదు, అలవాటు. ఎదురుగా పిల్లలు కనపడితే నాలుక్కరుచుకుంటాడు. ఫోన్లో పిల్లలు కనపడరు గదా. అంతే, వేళ్ళకి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

ఆ బూతు ఏమిటో నేను చెప్పను. ఈ కథ వినేవాళ్ళలో పిల్లలూ ఉన్నారు. పోనీ చుక్కలు పెడదామా అనుకున్నాను గానీ, చుక్కలు పెడితే ఏమవుతుందో ముందు ముందు మీరే చూస్తారు.

ఓ సాయంత్రం లాస్య చదువుతూ చదువుతూ దొరబాబు మాట దగ్గరికొచ్చింది. "ఒరే" అన్నాక కొత్త పదం. మధ్యలో ఓ ఒత్తు కూడా ఉంది. పిల్ల వదల్లేదు. ఒక్కో అక్షరం విడదీసింది, కలిపింది, మళ్ళీ విడదీసింది, చివరికి గడగడా అనేసి చప్పట్లు కొట్టింది.

"వచ్చేసింది తాతా! అంటే ఏంటి తాతా?"

వరహాలమ్మ నోట్లో తాంబూలం గుటుక్కున మింగేసింది. భద్రయ్య మాత్రం తొణకలేదు.

"అది దొరబాబు ఇంటిపేరమ్మా" అన్నాడు.

ఎంత సమయానికి ఎంత తెలివి తట్టిందో చూశావా అన్నట్టు భార్య వంక చూశాడు. ఆవిడ కూడా ఔరా అనుకుంది.

మర్నాడు బడి ముందు దొరబాబు ఆటో ఆపబోతున్నాడు. పెద్దవాళ్ళని ఇంటిపేరుతో సహా గౌరవంగా పలకరించాలని బళ్ళో చెప్పారు మరి. లాస్య రెండు చేతులూ జోడించి, ఆ మాటని ముందు తగిలించి, "దొరబాబు గారూ, నమస్కారమండీ!" అంది. ఇంకేముంది, ఆటో వెళ్ళి బడి గోడని ముద్దెట్టుకుంది. లోపల కరుణ టీచర్ చేతిలో సుద్దముక్క విరిగింది.

సాయంత్రం టీచర్ పోలుకొండ వారింటికొచ్చింది.

"భద్రయ్య గారూ, ఆ గ్రూపు పిల్లలు చదువుతున్నారండి. అందులో బూతులు కనపడకూడదు. శనివారం వచ్చి చూస్తాను. అప్పటికీ అలాగే ఉంటే నా కథలు అందులో పెట్టను. పిల్లల్ని చదవనివ్వద్దని అందరిళ్ళలోనూ చెప్పేస్తాను."

భద్రయ్య లెక్క వేసుకున్నాడు. కథలు ఆగితే లాస్య చదువు ఆగుతుంది. లాస్య చదువు ఆగితే తన సాయంత్రం చీకటి.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో సభ కూర్చుంది.

"అసలు బూతు తప్పంటావా నాన్నా?" అన్నాడు గవర్రాజు. "ఊరి గ్రూపది. పెద్దోళ్ళు మాట్లాడుకుంటారు. పిల్లల్నెవరు చూడమన్నారు?"

"పచ్చిమిరపకాయ లాంటిదిరా అది" అంది వరహాలమ్మ. "మనం కొరుక్కుని తింటాం. చంటిపిల్ల కంచంలో వేస్తామా?"

ఈ మాట ఇంకెవరింట్లోనైనా పుట్టుంటే కథ ఇక్కడే అయిపోయేది. పుట్టింది పోలుకొండ వారింట్లో గాబట్టి గవర్రాజు తొడ చరిచి లేచాడు. "అదీ సంగతి! మిరపకాయలు మానిపిస్తే సరిపోతుంది!" అంతే, తిన్నగా దొరబాబు ఇంటికెళ్ళి, కూరల్లో కారం వెయ్యొద్దని అతని పెళ్ళానికి చెప్పొచ్చాడు. చప్పిడి వంకాయ కూర తిన్న దొరబాబు ఆ మధ్యాహ్నం గ్రూపులో రాసినవి చూస్తే, అంతకు ముందువి భజన పాటలు.

"అది కాదురా. టీచరమ్మ ఏమంది? కనపడకూడదంది" అన్నాడు భద్రయ్య. "కనపడకుండా చెయ్యాలంటే ఏం చెయ్యాలి? కప్పెట్టాలి."

వరహాలమ్మ సున్నం డబ్బా తెచ్చింది. ఇప్పుడు బూతు ఎక్కడుందో తెలియాలి. భద్రయ్యకి చదువు రాదు. వరహాలమ్మకి రాదు. గవర్రాజుకి వచ్చిందే గానీ వాడకపోవడం వల్ల తుప్పు పట్టింది.

"అమ్మడూ, ఇలా రా" అన్నాడు భద్రయ్య. "ఇందులో నువ్వు చూడకూడని మాట ఎక్కడుందో చూసి చూపించు."

లాస్య బుద్ధిగా చూసి, వేలు పెట్టి చూపించింది. వరహాలమ్మ ఆ మాట మీద వేలితో సున్నం రాసింది. ఇంటిల్లిపాదీ వంగి చూశారు. బూతు లేదు! మాయం! భద్రయ్య మీసం దువ్వాడు.

సరే, ఇంకో మాట కోసం చూద్దామని గవర్రాజు ఫోను అద్దం మీద వేలు పెట్టి పైకి తోశాడు. సున్నం ఉన్నచోటే ఉంది. బూతు మాత్రం మెల్లగా సున్నం చాటునుంచి పైకొచ్చి కూర్చుంది.

"ఓరి దీని దుంప తెగ! జరిగింది!" అన్నాడు భద్రయ్య.

మళ్ళీ రాశారు. మళ్ళీ జరిగింది. అలా అద్దం అద్దమంతా తెల్లబడేదాకా రాశారు. అప్పుడు ఎటు తోసినా ఏ బూతూ కనపడలేదు. మంచిమాట కూడా కనపడలేదనుకోండి, అది వేరే సంగతి.

"మన ఫోన్లో కప్పేస్తే చాలదు నాన్నా. అదే మాట ఊరందరి ఫోన్లలోనూ ఉంది" అన్నాడు గవర్రాజు. మంచి ఆలోచనే. సున్నం డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరాడు. అడ్మిన్ గారి కొడుకు పనిమీద వచ్చాడంటే ఏదో అనుకుని మూడిళ్ళవాళ్ళు ఫోన్లిచ్చేశారు. నాలుగో ఇంట్లో కొత్త ఫోను. ఆ ఇంటావిడ చీపురు తిరగేసింది. గవర్రాజు డబ్బా అక్కడే వదిలేసి ఒంటికాలి చెప్పుతో ఇంటికొచ్చాడు. ఈసారి ఎడమదే మిగిలింది.

అదే సాయంత్రం టీచర్ గ్రూపులో పెట్టింది, బళ్ళో పైపు పగిలి గదుల్లో నీళ్ళు నిలిచాయి, రేపు సెలవు అని. పోలుకొండ వారికి సున్నం తప్ప ఏం కనపడుతుంది? మర్నాడు లాస్య జడలేసుకుని, కేరేజీ పట్టుకుని బడికెళ్ళింది. మోకాలి లోతు నీళ్ళలో బెంచీ ఎక్కి కూర్చుని, ఎవరూ రాకపోతే తనే హాజరు పలికి, తన కేరేజీ తనే తిని, గంట తనే కొట్టుకుని ఇంటికొచ్చింది.

"ఏం చెప్పారమ్మా ఇవాళ?" అన్నాడు భద్రయ్య.

"నేనొక్కదాన్నే ఉన్నాను తాతా. ఇవాళ క్లాసులో నేనే ఫస్టు."

ఆ మాటకి ఇంటిల్లిపాదీ పొంగిపోయి బెల్లం పంచుకున్నారు.

సున్నం కడుక్కున్నాక చూస్తే బూతులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. భద్రయ్యకి బెంగ పట్టుకుంది. టీకొట్టు దగ్గర తల పట్టుకుని కూర్చుంటే టీ కాచే సుబ్బన్న జాలిపడ్డాడు.

"పేపర్లో ఏం చేస్తారు భద్రయ్యా? బూతు వచ్చిన చోట చుక్కలు పెడతారు. మనవాళ్ళనీ అలాగే పెట్టమను."

ఇదేదో బాగుందనిపించింది. భద్రయ్య మైకు బొమ్మ నొక్కి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసేదేమంటే, ఇకమీదట బూతు రాయాలనిపిస్తే ఆ జాగాలో చుక్కలు పెట్టవలెను" అని చాటింపేశాడు. దొరబాబు మాట వినే మనిషే. వెంటనే రాశాడు: "ఒరే చుక్కలు, ఆటో బయల్దేరుతోంది." అంటే నిజంగా చుక్కలే పెట్టాడు. నేనే ఇక్కడ భయపడి చుక్కలు అని రాశాను.

ఎందుకు భయపడ్డానో వినండి. పిల్లలకి అప్పుడే పరీక్షలయ్యాయి. పరీక్షలో చుక్కలు కనపడితే ఏం చెయ్యాలి? ఖాళీలు పూరించాలి.

ఇంకేముంది! ఊళ్ళో పిల్లలందరూ అమ్మల ఫోన్లు, నాన్నల ఫోన్లు లాక్కుని పూరించడం మొదలెట్టారు. ఒకడు "మామిడిపండు" అన్నాడు. ఒకత్తె "పులి" అంది. లాస్య బాగా ఆలోచించి "బంగారం" అని పూరించింది. తరవాత ఐదో తరగతి వాళ్ళు దిగారు. వాళ్ళకి పాఠాలు బాగా వచ్చు. దొరబాబు ఏనాడూ వినని మాటలు కూడా వాళ్ళు పూరించారు.

భద్రయ్య ఇదంతా లాస్య చేత చదివించుకుని తబ్బిబ్బయిపోయాడు. "చూశావా వరహాలూ! సెలవైనా కూడా పిల్లలు ఎంత కష్టపడి చదువుతున్నారో! ఇంతకీ సరైన జవాబేదో?" అని, అడ్మిన్ హోదాలో దొరబాబునే అడిగాడు. దొరబాబు అబద్ధమాడే మనిషి కాదు. రాసింది పెద్దవాళ్ళేననుకుని, సరైన జవాబు ఎవరి ఫోన్నుంచి వచ్చిందో చెప్పి, పదికి పది ఇచ్చాడు.

లాస్యకి సున్నా వచ్చింది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

మనవరాలు ఏడిస్తే భద్రయ్య చూడలేడు. ఆ పూటే పిల్లని చెయ్యి పట్టుకుని దొరబాబు ఇంటికి తీసుకెళ్ళాడు. అరటిపళ్ళు కూడా పట్టుకెళ్ళాడు. ఉట్టి చేతుల్తో గురువు దగ్గరికి వెళ్ళకూడదు గదా.

"దొరబాబూ, మా పిల్ల బూతుల్లో బాగా వెనకబడిందిరా. సాయంత్రాలు ఓ అరగంట దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు నాయనా."

దొరబాబు మొహం పాలిపోయింది.

"ఏంటి బాబాయ్ నువ్వనేది? ముక్కుపచ్చలారని పిల్లకి నేను బూతులు నేర్పాలా? నేనేం మనిషిననుకున్నావ్?"

"మరి గ్రూపులో ఊరందరికీ చెప్తున్నావుగా. మేమేం పాపం చేశాం?"

దొరబాబు నోరు తెరిచాడు. అతని దగ్గర ఎప్పుడూ తడుముకోకుండా దొరికే మాట కూడా దొరకలేదు. "గ్రూపంటే... అక్కడ పిల్లలుంటారని తోచదు బాబాయ్" అని గొణిగాడు. అరటిపళ్ళు తిరిగిచ్చేశాడు.

మర్నాడు కరుణ టీచర్ మండిపడుతూ వచ్చింది. "చుక్కలేంటండీ, పరీక్షలేంటండీ! నే చెప్పేది ఒక్కటే. ఏదైనా రాసేముందు ఎదురుగా ఓ చిన్నపిల్ల కూర్చుని ఉందనుకోండి. ఆ పిల్ల ముందు అనగలిగిందే రాయండి. అంతకంటే ఇంకేం చెయ్యక్కర్లేదు."

"అనుకోడమెందుకండీ" అన్నాడు భద్రయ్య చేతులు కట్టుకుని. "మన పిల్లే ఉందిగా."

అంతే. ఊళ్ళో ఎవరు గ్రూపులో ఏం రాయాలన్నా ముందు పోలుకొండ వారికి కబురు పెట్టాలి. గవర్రాజు లాస్యని సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి, ఆ మనిషి ఎదురుగా పీట మీద కూర్చోబెడతాడు. రాయడం అయ్యాక మళ్ళీ సైకిలెక్కించి ఇంకో ఇంటికి. చేపల బండి వచ్చిందని రాసేలోపు చేపలైపోతున్నాయి. కరెంటు పోతుందని రాసేలోపు పోయి వచ్చేస్తోంది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ పిల్లకి ఓ జంతికో ఓ అరిసో పెడుతున్నారు.

దొరబాబు వంతు వచ్చింది. అతను ఆటోలో ముందు సీట్లో, లాస్య వెనకసీట్లోంచి ముందుకు వంగి అతని మొహం వంకే చూస్తూ. పిల్లకి ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. ఆ సందులోంచి జంతిక దూర్చి నములుతోంది. దొరబాబు "ఒరే" అని కొట్టాడు. పిల్లని చూశాడు. చెరిపేశాడు. చెమట తుడుచుకున్నాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ చెరిపాడు.

"ఏం రాస్తున్నావు మామయ్యా?"

"ఏం లేదమ్మా. ఆలోచిస్తున్నా."

చిట్టచివరికి ఇలా రాశాడు: "ఆటో బయలుదేరుచున్నది. పెద్దలు, పిన్నలు దయచేసి విచ్చేయగలరు." ఒక్కరూ రాలేదు. దొరబాబు ఫోను ఎవరో కొట్టేశారనుకుని ఊరు ఊరంతా అతని కోసం వెతకడానికి బయల్దేరింది. వెతికేవాళ్ళకి ఆటో కావాలి గాబట్టి ఆ పూట బేరం మాత్రం బ్రహ్మాండంగా అయింది.

అలా ఒకరోజంతా మొగలిలంక గ్రూపులో ఒక్క బూతు పుట్టలేదు. నవ్వుకోండి గానీ, పని మాత్రం జరిగింది. కాకపోతే ఆ సాయంత్రం లాస్య కడుపు ఉబ్బి, కళ్ళు మూతలు పడి, కథ చదవకుండానే తాత ఒళ్ళో పడి నిద్రపోయింది. భద్రయ్య ఫోను చేతిలో పట్టుకుని, ఆ అక్షరాల వంక చూస్తూ కూర్చున్నాడు. అక్షరాలు ఆయన వంక చూశాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు. రేపు టీచరమ్మ కాదంటే ఇక రోజూ ఇంతే గదా అనుకుంటే ఆయనకి కళ్ళు చెమర్చాయి.

తెల్లవారింది. శనివారం. టీచర్ వచ్చేలోపు గ్రూపు శుభ్రంగా ఉందో లేదో తనే ఓసారి చూసుకోవాలనుకున్నాడు భద్రయ్య. చూడాలంటే చదవాలి. చదవాలంటే లాస్య కావాలి.

"ఒకవేళ పాత బూతులేమైనా మిగిలుంటే పిల్ల చెవిన పడతాయేమో" అంది వరహాలమ్మ.

పోలుకొండ వారి తెలివి అప్పుడు పనిచేసినట్టు ఎప్పుడూ పనిచెయ్యలేదు. "పిల్ల చెవుల్లో దూది పెట్టండి" అన్నాడు భద్రయ్య. "తను చదివేది తనకి వినపడదు. మనం పెద్దవాళ్ళం, మనం విందాం."

లాస్య చెవుల్లో రెండు గుప్పెళ్ళ దూది కుక్కారు. గ్రూపు పుట్టిన రోజు నుంచీ వరసగా చదవమని సైగ చేశారు. పిల్ల అరుగు మీద నిలబడి మొదలెట్టింది. చెవుల్లో దూది ఉన్నవాళ్ళు ఎలా మాట్లాడతారో మీకు తెలుసు గదా. తన గొంతు తనకి వినపడక పిల్ల ఇంకాస్త పెంచింది. ఇంకాస్త పెంచింది. పక్కింటివాళ్ళు వచ్చారు. ఎదురింటివాళ్ళు వచ్చారు. సుబ్బన్న టీగిన్నె పట్టుకునే వచ్చాడు. చేపల బండి ఆగింది. పాలపళ్ళూడిన నోటితో, గుడిలో పద్యం చదివినంత భక్తిగా, లాస్య వరసగా చదివేస్తోంది. ఎవరి మాట వచ్చినప్పుడు వాళ్ళు తలొంచుకుంటున్నారు.

దొరబాబు మాటలు వచ్చాయి. అవి చాలా ఉన్నాయి. దొరబాబు జనం వెనక నిలబడి విన్నాడు. మొదటిదానికి చెవులు ఎర్రబడ్డాయి. రెండోదానికి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తరవాత ఇక ఆగలేక జనాన్ని తోసుకుంటూ అరుగు దగ్గరికొచ్చి, పిల్ల కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు.

"ఆపించు బాబాయ్! నీకు పుణ్యముంటుంది, ఆపించు! అవి నా నోట్లో ఉంటే ఇంత మురికని తెలీలేదు. ఈ పిల్ల నోట వినలేను. ఇకమీదట గ్రూపులో ఒక్క పాడుమాట రాస్తే నన్ను తీసి అవతల పారెయ్!"

అప్పటికే కరుణ టీచర్ వచ్చి వీధిలో నిలబడి ఉంది. మొదట ఆవిడ మొహం కందగడ్డలా అయింది. చెయ్యెత్తి ఆపబోయింది. ఆపబోయి, ఆగింది. ఒత్తులు తడబడటం లేదు. కొమ్ముల దగ్గర గొంతుకి ముల్లు పడటం లేదు. సర్పంచి గారు రాసిన చాంతాడంత పదాలు కూడా పిల్ల అవలీలగా దాటేస్తోంది. ఈ పిల్లనేనా మొన్నటిదాకా పదం పదం దగ్గరా చెయ్యి పట్టుకుని దాటించింది!

టీచర్ అరుగెక్కి, లాస్య చెవుల్లో దూది తీసి, దగ్గరికి లాక్కుంది.

"ఎంత బాగా చదువుతున్నావే నా తల్లీ" అంది. "కథలు ఆపన్లెండి భద్రయ్య గారూ. రోజూ పెడతాను. దొరబాబు మాటిచ్చాడు, ఊరు వింది. అది చాలు."

భద్రయ్య పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. మనవరాలి తల నిమిరాడు. చేపల బండివాడు కూడా ముక్కు చీదాడు.

వెళ్ళబోతూ టీచర్ వెనక్కి తిరిగింది. "ఒక్క మాట. ఇప్పుడు చదివిన ఆ పిచ్చి మాటలున్నాయే, అవన్నీ అందరూ మరిచిపోవాలి. తెలిసిందా? మళ్ళీ పిల్లలు వింటుండగా ఎవరూ ఎత్తకూడదు."

"అలాగేనండీ. ఆ పూచీ నాదండీ" అన్నాడు భద్రయ్య.

మరి పూచీ పడ్డాక ఊరుకునే మనిషి కాదు. పొద్దుపోయేదాకా ఆలోచించాడు. మరిచిపోవాలి, సరే. ఏ మాటలు మరిచిపోవాలో జనానికి గుర్తుండాలి గదా! లేకపోతే ఒకటి మరిచిపోబోయి ఇంకోటి మరిచిపోతారు. పాపం కొందరు మరిచిపోవడమే మరిచిపోతారు. ఊరి అడ్మిన్‌గా రోజూ పొద్దున్నే ఓసారి గుర్తు చెయ్యడం తన ధర్మం.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, భద్రయ్య ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. టీచరమ్మ చెప్పిన జాగ్రత్త మాత్రం మరవలేదు. ముందుగా మైకు బొమ్మ నొక్కి అడిగాడు.

"పిల్లలెవరైనా వింటున్నారా?"

ఊరి నాలుగు మూలలనుంచీ మైకులోనే టపటపా జవాబులొచ్చాయి. లాస్య వంటింట్లో తండ్రి ఫోను పట్టుకుని కూర్చుని, మైకు బొమ్మ నొక్కి అందరికంటే ముందు పలికింది.

"లేమండీ!"

"అదీ మర్యాదంటే" అన్నాడు భద్రయ్య తృప్తిగా. ఇక నిశ్చింతగా గొంతు సవరించుకుని, ఊరందరూ మరిచిపోవలసిన మాటల్ని ఒక్కొక్కటే, ఒత్తులతో సహా, ఎవరికీ అనుమానం రాకుండా రెండేసి సార్లు చెప్పడం మొదలెట్టాడు.

తన ఇంట్లో కాఫీ తాగుతున్న కరుణ టీచర్ ఫోను మోగింది. ఆవిడ విన్నది. కాఫీ కప్పు కింద పెట్టింది. తరవాత మెల్లగా వంటింట్లోకి కేకేసి, "అమ్మా, మనింట్లో సున్నం ఉందా?" అని అడిగిందట.